స్కోర్‌షీటులో ఏడో నంబరు

హిందూపురంలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఇరవై ఏడేళ్లు ఫిజికల్ డైరెక్టరుగా, అంటే పి.డి.గా పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. కాలేజీ పేరు రాయను. ఇక్కడ రాసేవాటిలో మెచ్చుకోదగిన పనులు కొన్ని, మెచ్చుకోరానివి కొన్ని ఉన్నాయి, రెండో రకం ఎక్కువగా నావే.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. ఏదైనా చెప్పండి మేడమ్ అంటారు. ఫైళ్ల గురించి, ఇంక్రిమెంట్ల గురించి చెప్పేవాళ్లు వాళ్లకు చాలామందే ఉన్నారు. నేను మాత్రం గంగరత్న అనే పిల్ల గురించి చెబుతాను. మా కాలేజీలో ఆడిన బాస్కెట్‌బాల్ పిల్లల్లో ఆమె అంతటి ఆటగత్తె మరొకరు లేరు. ఆ సంగతి ఏ కాగితం మీదా కనపడదు. అలా కనపడకపోవడంలో నా వంతు ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

మట్టి కోర్టు

నేను చేరిన తరువాత పదిహేడేళ్ల దాకా మా కోర్టు మట్టిదే. సాయంత్రం నాలుగింటికి ఆట అంటే మూడున్నరకే అటెండరు నీళ్లు చల్లాలి. ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే దుమ్ము కళ్లల్లో పడుతుంది. ఆ తరువాత తాడు పట్టి సున్నంతో గీతలు వేయాలి. ఒక రింగు కొంచెం ముందుకు వంగి ఉండేది. మా పిల్లలకు అది అలవాటే, బయటి జట్లకు కాదు. అందుకని దాన్ని బాగుచేయించాలని నేనూ పెద్దగా తొందరపడలేదు.

మట్టి మీద బంతిని నేలకు కొట్టుకుంటూ పోవడం కష్టం. చిన్న రాయి తగిలితే చాలు, పక్కకు పోతుంది. పుస్తకంలో ఉన్నట్టు ముందు డ్రిబ్లింగ్, తరువాత పాసింగ్ అని నేర్పబోతే పిల్లలు విసుగుపడి వెళ్లిపోయేవాళ్లు. మా కోర్టుకు తగిన పాఠం ఏదో మేమే కనిపెట్టుకోవాలి. కొత్తవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. మీకు ఇచ్చిన నేల ఎలాంటిదో ముందు చూసుకోండి. రెండో మాట, హాస్టలు పిల్ల ఆటలో నీరసపడితే తిట్టకండి, మధ్యాహ్నం ఏం తిన్నదో అడగండి. నేను ఈ రెండోది నేర్చుకోవడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో ఎంతమందిని సోమరులని తిట్టానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

గంగరత్నది చెన్నేకొత్తపల్లి పక్క పల్లె. తరాలుగా అక్కడే ఉన్న రైతు కుటుంబం. వేరుశనగ గిట్టక కొంత పొలంలో మల్బరీ పెట్టి, పట్టుపురుగులు పెంచేవాళ్లు. పిల్ల మా హాస్టల్లో ఉండేది. హైస్కూల్లో ఖోఖో ఆడింది తప్ప, బాస్కెట్‌బాల్ బంతిని ముట్టుకున్నది డిగ్రీలో చేరాకే. ఎత్తు మామూలు. మాట తక్కువ. పురుగులు ఆఖరి జ్వరం లేచాయంటే, అంటే ఆఖరిసారి కుబుసం విడిచాయంటే, ఇక గూడు కట్టేదాకా ఆకు తింటూనే ఉంటాయి. ఇంట్లో ప్రతి చేయీ కావాలి. అప్పుడు వారం రోజులు ఊరికి పోయేది. మొదట్లో నేను కోప్పడ్డాను. తరువాత ఆ వారాలు లెక్కవేసుకుని ప్రాక్టీసు మ్యాచ్‌లు పెట్టడం నేర్చుకున్నాను.

అదే బ్యాచ్‌లో శిరీష ఉండేది. హిందూపురం బజారులో కిరాణా అంగడి వాళ్ల అమ్మాయి. పొడుగు, చేయి నిదానం, బోర్డు దగ్గర బంతి దొరికితే తప్పేది కాదు. మ్యాచ్ అయ్యాక ఊళ్లోవాళ్లు చెప్పుకునేది శిరీష పేరే. నేనూ మొదటి ఏడాదంతా శిరీషనే చూశాను. గంగరత్నను మాత్రం, రింగు ముందర నిలబడి కూడా వేయకుండా ఇచ్చేస్తావెందుకని రోజూ కసిరేదాన్ని.

ప్రిన్సిపాల్ అడిగిన ప్రశ్న

నా సర్వీసులో పదకొండు మంది ప్రిన్సిపాళ్లను చూశాను. ఎక్కువమందికి గ్రౌండ్ అంటే పంద్రాగస్టుకు కుర్చీలు వేసే చోటు. ఒకాయన మాత్రం లెక్కల మాస్టారు, ఆట తెలియదు. రోజూ సాయంత్రం గొడుగు వేసుకుని వచ్చి ఒక పావుగంట నిలబడేవారు. ఒకరోజు నన్ను పిలిచి, ఆ పొడుగమ్మాయి వేస్తోంది సరే, ఆమె ఎక్కడికి పోతే అక్కడికి బంతి ముందే వచ్చి ఉంటోంది, అదెలా అని అడిగారు.

నేను ఏదో చెప్పి పంపించాను. మరునాడు విజిల్ మెడలో వేసుకుని, శిరీషను చూడటం మానేసి గంగరత్నను చూశాను. బంతి చేతికి రాకముందే ఆమె ఇటూ అటూ ఒకసారి చూసేది. చేతికి వచ్చిన తరువాత ఇక చూసేది కాదు. శిరీష ఎటు తిరగబోతుందో శిరీషకు తెలియకముందే బంతి అక్కడ ఉండేది. మట్టి మీద ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ తడి ఉందో చూసి దాన్నిబట్టి బంతిని ఎత్తుగానో కిందుగానో వేసేది. ఇది ఎవరూ నేర్పింది కాదు. ఏడాదిపాటు నా కళ్ల ముందు జరిగింది, నేను చూడలేదు. ఆట తెలియని మనిషి చూశాడు.

రెండో ఏడాది నుంచి ఆట మొత్తం ఆమె చేతిలో పెట్టాను, కెప్టెన్ చేశాను. చుట్టుపక్కల కాలేజీల మీద గెలుస్తూ వచ్చాం. ఆ ఏడాది చివర యూనివర్సిటీ జట్టుకు సెలెక్షన్ జరిగింది. శిరీష పేరు కూడా కొద్దిలో తప్పింది. గంగరత్న పేరు చర్చకే రాలేదు.

ఎందుకంటే సెలెక్షన్‌లో కూర్చున్నవాళ్ల ముందు ఉండేది స్కోర్‌షీటు. దాంట్లో పెరుగుతున్న స్కోరు పక్కన బంతి వేసిన పిల్ల నంబరు రాస్తారు. ఎవరు ఫౌల్ చేశారో రాస్తారు. బంతి ఎవరు ఇచ్చారో రాసే గడి మా షీట్లలో లేదు.

మాట

గంగరత్నకు బి.పి.ఎడ్. చదివి ఆటల టీచరు కావాలని ఉండేది. ఆ మాట నాతో ఒక్కసారే చెప్పింది. అది చాలనిపించింది. రెండో ఏడాది సెలవుల్లో, ఇక చదువు చాలని వాళ్ల నాయన అంటున్నాడని తెలిసి, నేను వాళ్ల ఊరికి పోయాను. ఆయన మర్యాదగల మనిషి. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. ఆటలో ఏముంది మేడమ్ అని అడిగాడు.

నేను గొప్పకు పోయాను. వచ్చే ఏడు యూనివర్సిటీకి ఆడుతుంది, యూనివర్సిటీ సర్టిఫికెట్ ఉంటే సీటు గట్టి అని చెప్పాను. సీటు వేరే దారుల్లోనూ రావచ్చునని, ప్రవేశపరీక్ష ఉంటుందని చెప్పలేదు. సర్టిఫికెట్ అంటే రైతుకు నమ్మకం కుదురుతుందని అనుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఒకటే మాట అన్నాడు.

"సరే మేడమ్. యూనివర్సిటీకి ఆడితే పంపుతా. ఆడకుంటే ఇంటికొస్తాది. మళ్లా మీరు వచ్చి అడగగూడదు."

ఒప్పుకుని వచ్చాను. గంగరత్న గుమ్మంలో నిలబడి విన్నది. మూడో ఏడాది ఆమె ఆడిన ప్రతి మ్యాచ్ వెనుక ఈ మాట ఉంది. ఆమె ఆట మాత్రం మారలేదు. నేను గట్టిగా చెబితే నాలుగు షాట్లు వేసేది, అయిదోసారి శిరీష ఖాళీగా కనపడితే ఇచ్చేసేది.

ధర్మవరం

ఆ ఏడు అంతర కళాశాలల పోటీలు ధర్మవరంలో జరిగాయి. యూనివర్సిటీ జట్టును ఎంచేది ఈ పోటీల స్కోర్‌షీట్లు చూసే. సెమీఫైనల్లో మా ఎదుటి జట్టు మంచిది. టేబుల్ దగ్గర కూర్చునే మనుషులు మాకెప్పుడూ తక్కువే. అందుకని రెండు జట్ల పి.డి.లలో ఒకరు స్కోరు రాయడం, ఒకరు టైము చూడటం మాలో వాడుక. అది సరైన పద్ధతి కాదు. అయినా ఏళ్లుగా అలాగే నడిచింది. ఆ రోజు స్కోరు నా చేతికి వచ్చింది. బెంచి దగ్గర గంగరత్నే చూసుకుంది.

గంగరత్నది ఏడో నంబరు బనియను, శిరీషది పదకొండు. ఆట మొదలైన కాసేపటికి గంగరత్న మధ్యగీత దగ్గరి నుంచి ఒక బంతి ఇచ్చింది. ఇద్దరి మధ్యలోంచి పోయి శిరీష చేతుల్లో పడింది. శిరీష చేసిందల్లా దాన్ని పైకి వదలడమే. నేను పెన్ను పట్టుకుని, ఇది ఎవరి బాస్కెట్ అని నన్ను నేనే అడిగాను. ఏడు అని రాశాను.

మొత్తం స్కోరు మారలేదు. ఎదుటి జట్టుకు నష్టం లేదు. శిరీషకు ఎలాగూ బోలెడు ఉన్నాయి. ఇలా నాకు నేను చెప్పుకుంటూ ఆట ముగిసేలోపు శిరీష వేసిన అయిదు బాస్కెట్లు ఏడో నంబరు కింద రాశాను. టైము చూస్తున్నావిడ వాచీ మీద నుంచి కళ్లు తిప్పలేదు. మ్యాచ్ గెలిచాం.

పిల్లలు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే గంగరత్న ఒక్కతే నా దగ్గరకు వచ్చింది.

"మేడమ్, షీటులో ఏడో నంబరు ఎక్కువ పడిండాది. నేను వేసింది మూడే."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నేను గొంతు తగ్గించి, బంతి నువ్వు ఇస్తేనే కదా ఆమె వేసింది, వాటిల్లో సగం నీవేనన్నాను.

"ఇచ్చింది నేను. వేసింది శిరీష. వేసినోళ్లదే గదా మేడమ్ రాసేది."

దిద్దితే నీకు యూనివర్సిటీ లేదు, మీ నాయన పంపడు, ఆ మాట నువ్వూ విన్నావు అన్నాను. తెలుసు మేడమ్ అంది. దిద్దండి అంది, అడిగినట్టు కాదు, చెప్పినట్టే. నేను అయిదు చోట్ల కొట్టివేసి, పదకొండు రాసి, పక్కన సంతకం పెట్టాను. ఆమె అంతవరకూ అక్కడే నిలబడి చూసి, కుళాయి దగ్గరికి పోయింది.

సెలెక్షన్ కమిటీకి పెద్ద, పెనుకొండ నుంచి వచ్చిన కరుణాకర్ సార్. మా అందరికంటే సీనియరు. సెలెక్షన్ గదిలో ఆ కొట్టివేతలు చూసి ఇదేమిటమ్మా అన్నారు. నంబర్లు తారుమారయ్యాయి సార్ అన్నాను. అది అబద్ధం. ఆ తరువాత గంగరత్న గురించి పావుగంట మాట్లాడాను. ఆయన ఓపికగా విని, పాసులు లెక్కపెట్టే గడి చూపించమ్మా, చూస్తాను అన్నారు.

కొన్నాళ్లు ఆయన మీద కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు. ఆ గదిలో ప్రతి పి.డి. తన పిల్ల గురించి పావుగంట మాట్లాడాడు. నోటి మాటలు నమ్మడం మొదలుపెడితే గొంతు పెద్దగా ఉన్నవాళ్ల పిల్లలే జట్టులో ఉంటారు. ఆయన కాగితాన్ని పట్టుకుని న్యాయం చేయాలని చూశారు. ఆ కాగితం మీద నమ్మకం లేకుండా చేయబోయినదాన్ని నేనే.

శిరీష సెలెక్టు అయింది. గంగరత్న కాలేదు. యూనివర్సిటీ జట్టుతో ఆడి వచ్చిన తరువాత శిరీష నా దగ్గర కూర్చుని, ఆడికి పోతే బంతే నా కాడికి రాలేదు మేడమ్ అని ఏడ్చినంత పనిచేసింది. ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. ఇప్పుడు ఆమె వాళ్ల అంగడి చూసుకుంటోంది. కాలేజీకి ఏటా రెండు బంతులు కొనిచ్చేది, నేను రిటైరయ్యేదాకా మానలేదు.

మళ్లీ ఆ ఊరికి

మళ్లీ వచ్చి అడగకూడదని ఆయన అన్న మాట గుర్తుండే వెళ్లాను. పెనుకొండలో బస్సు మారేటప్పుడు వెనక్కి పోదామని కూడా అనుకున్నాను. వాళ్ల నాయన పురుగుల షెడ్డులో ఉన్నాడు. చెప్పులు బయట విడిచి, పురుగులకు రోగం అంటకుండా గడప దగ్గర చల్లిన సున్నం తొక్కి లోపలికి పోయాను. ఆయన ఆకు పరుస్తూనే, ఏం మేడమ్ ఈడిదాకా వచ్చినారు అన్నాడు. వచ్చిన పని ఆయనకు తెలుసు.

పరీక్ష రాసినా సీటు వస్తుందని, అప్పుడు ఆ విషయం చెప్పకపోవడం నా తప్పేనని చెప్పాను. ఆయన ఆకు పరచడం ఆపలేదు.

"యూనివర్సిటీకి ఆడితేనే సీటు గట్టి అని మీరే అంటిరి. ఇప్పుడు ఆడకున్నా వస్తాదంటాండారు. యేది నమ్మల్ల నేను?"

చెప్పడానికి మిగిలింది ఒకటే ఉంది, అది చెప్పాను. ధర్మవరంలో స్కోరు నేనే రాశానని, మీ పిల్ల పేరు పైకి రావాలని దొంగరాత రాశానని, అది చూసి ఆమె వచ్చి దిద్దించిందని చెప్పాను. ఒకరి ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆయన ఆకు కింద పెట్టాడు.

"తానే వచ్చిందా? ఎవురూ చెప్పకనే?"

ఎవరూ చెప్పలేదన్నాను. ఆట అయిపోగానే నేరుగా నా దగ్గరికే వచ్చిందన్నాను.

"సీటు పోతాదని తెలిసినా?"

తెలిసేనన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. షెడ్డు చివరిదాకా పోయి, తిరిగి వచ్చి, పరీక్ష రాయనీండి, సీటొస్తే పోతాది అన్నాడు. గంగరత్న బయట ఆకు బుట్టల దగ్గర ఉంది. మేము మాట్లాడింది ఆమెకు వినపడింది.

పరీక్ష రాసింది, పరుగులోనూ ఆటలోనూ మార్కులు తెచ్చుకుంది, సీటు వచ్చింది. ఇప్పుడు బత్తలపల్లి వైపు ఒక హైస్కూల్లో ఆటల టీచరు. ఆటగత్తెగా ఆమె బతుకు మూడేళ్లే. రాష్ట్రం దాకా కూడా పోలేదు. కానీ ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు కాలేజీలకు వస్తుంటారు. వాళ్లను పోల్చుకోవడానికి ఎవరి బడి అని అడగక్కర్లేదు. బంతి చేతికి రాకముందే ఇటూ అటూ చూస్తారు.

నేనూ ఒక పని చేశాను. ఆ ఏటి నుంచి నా దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఎవరి పాసు మీద బాస్కెట్ పడిందో రాయడం మొదలుపెట్టాను. సెలెక్షన్ కమిటీలు చాలా ఏళ్లు దాన్ని పక్కన పెట్టాయి. ఈ మధ్య కొందరు అడిగి చూస్తున్నారు. మీరు కూడా రాయండి. షీటులో గడి లేకపోతే పక్కన గీసుకోండి. ఉన్న గడిలో మాత్రం జరిగిందే రాయండి.

పెనుకొండలో

పోయిన చలికాలం పెనుకొండలో స్కూలు పిల్లల పోటీలకు నన్ను పరిశీలకురాలిగా పిలిచారు. గంగరత్న జట్టు కూడా వచ్చింది. మధ్యాహ్నం విరామంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు నలుగురు చుట్టూ చేరితే, అలవాటుగా ఈ కథే చెప్పాను. ఎక్కడ చెప్పినా ఇలాగే చెబుతాను. నేను తప్పు చేశాను, ఈ పిల్లకు ఆశ అనేదే తెలియదు, చూసిన మరుక్షణం వచ్చి దిద్దించింది అని. గంగరత్న పక్కనే కూర్చుని క్యారియరు విప్పుతోంది. వాళ్లు లేచి పోయాక అన్నం కలుపుతూ చెప్పింది.

"మేడమ్, అది ఆట అయిపోయినంక చూసింది కాదు. ఆఫ్‌టైములో ఫౌల్స్ ఎన్ని పడినాయో అడగను టేబుల్ కాడికి వచ్చింటి గదా, అప్పుడే చూసినా."

నేను తినడం ఆపేశాను.

"చూసి గమ్మునుంటి. ఉండనీలే అనుకుంటి. సెకండాఫ్ అంతా అదే ఆలోచన. టైమౌట్ అడగను వచ్చినప్పుడు ఇంగా రెండు పడింటే గూడా చూసినా. సీటొచ్చినట్టే అని సంతోషపడినా మేడమ్."

మా నాయనకు మీరు చెప్పేటప్పుడు బయటే ఉన్నాను, అప్పుడూ చెప్పలేకపోయాను అంది. సీటు వచ్చిన రోజు మాత్రం ఆయనకు తానే చెప్పిందట. ఆయన కూడా నేను అడగబోయే ప్రశ్నే అడిగాడట, అంతసేపు ఊరుకున్నదానివి మళ్లీ ఎందుకు పోయి చెప్పావని. ఏమన్నావు అని అడిగాను.

"ఆట అయిపోతానే శిరీష నీళ్ల బాటిల్ తెచ్చి నా చేతికిచ్చె. ఈపొద్దు ఎంత మంచి పాసులిచ్చినావే, నాకు వేసే కష్టమే లేకపాయె అనె. ఆ మాట యినినంక ఆమెవి నా కాడ ఎట్ల పెట్టుకునేది మేడమ్?"

ఆమె క్యారియరు మూత పెట్టి పిల్లల దగ్గరికి పోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఇన్నేళ్లుగా ఆ పిల్ల గురించి ప్రిన్సిపాల్‌కు చెప్పాను, కమిటీకి చెప్పాను, వాళ్ల నాయనకు చెప్పాను, కొత్తగా వచ్చిన ప్రతి టీచరుకూ చెప్పాను. ఆమె ఆడిన మూడేళ్లలో, మంచి పాసు ఇచ్చావని ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు.